ఫీతాలో చిరిగిన మొదటి అడుగు

మొన్న జనవరి రెండో మంగళవారం, ఉదయం ఏడుంబావుకు, పాల ప్యాకెట్ తీసుకుందామని తలుపు తీశాను. ఎదురింటి రాతి గద్దె మీద ఎర్ర రంగుతో అడ్డంగా ఒక గీత, గీత పక్కన వీధివైపు చూపే బాణం, బాణం పక్కన ఒకటి అంకె కనిపించాయి. ముప్ఫై ఏడేళ్లు నగర కొలతల ఆఫీసులో పని చేసినదాన్ని గనుక ఆ గుర్తుకు అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గీతకు ఇవతల ఉన్న అడుగు వీధి సొత్తు, ఇంటివాళ్లు ముందుకు జరిగి కట్టుకున్నారు, తీసేయాలి అని.

మా గల్లీ దబీర్‌పురా స్టేషన్‌కు తొమ్మిది నిమిషాల నడక. నా మోకాళ్లు బాగున్న రోజుల్లో ఆరు నిమిషాలే పట్టేది. నేను పుట్టిన ఇల్లే ఇప్పటికీ నా ఇల్లు. పెళ్లయ్యాక సంతోష్‌నగర్‌లో అద్దె ఇంట్లో పద్నాలుగు నెలలున్నాం, తరువాత మా అమ్మకు తోడు కావాలంటే మా వారే పెట్టెలు సర్దుకుని ఇక్కడికి వచ్చారు. ఇల్లరికం అని ఎవరైనా నవ్వితే, స్టేషన్ దగ్గర, అందుకే వచ్చాను అనేవారు. ఆయన పని రైల్వేలో గనుక ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవారు.

పాతబస్తీని బాగుచేస్తున్నారన్న మాట మా తరం వాళ్లం ఎన్నోసార్లు విన్నాం, ఎన్నోసార్లు మరిచిపోయాం. ఈసారి మాత్రం కళ్లతో చూస్తున్నాను. పత్తర్‌గట్టిలో రాతి కమానుల మీద పేరుకున్న మసి కడిగారు, దుకాణాల బోర్డులన్నీ ఒక్క ఎత్తున పెట్టించారు, తలమీద వలలా వేలాడే తీగలు చాలామటుకు తీసేశారు. నా చిన్నప్పుడు ఆ కమానుల కింద అమ్మ చెయ్యి పట్టుకుని నడిచేటప్పుడు రాయి నల్లగానే పుడుతుందనుకునేదాన్ని. అది తేనె రంగని డెబ్బై ఒకటో ఏట తెలిసింది. ఆ పనే ఇప్పుడు మా గల్లీ దాకా వచ్చింది. రాళ్లు పరిచి, మురుగు కాలువ కొత్తగా కట్టి, మంటలార్పే బండి లోపలికి రాగలిగేలా చేస్తారట. నేను సంతోషించాను. ఆ ఎర్ర గీత చూసేదాకా సంతోషంగానే ఉన్నాను.

ఎదురింటి తమ్ముడంటే నా సొంత తమ్ముడు కాదు, నాకంటే పదకొండేళ్లు చిన్న, ఊహ తెలిసినప్పటినుంచీ అక్కా అనే పిలుస్తాడు. చీరలకు జరీ అంచులు కుట్టడం వాళ్ల ఇంటి పని. లోపలి గది చీకటి, అందుకని పగలంతా బయట గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కుడతాడు. ఆ గద్దె వెడల్పు రెండున్నర అడుగులు. అందులో అడుగు పోతే మిగిలిన అడుగున్నరలో మనిషి మోకాళ్లు పట్టవు. మోకాళ్లు పట్టని చోట కుట్టుపని సాగదు. ఇది ఒక బాధ. అంతకన్నా పెద్ద బాధ ఇంకోటి ఉంది. అప్పటికే మూలమీది చాయ్ దుకాణం నుంచి మాటలు మొదలయ్యాయి.

"ఏం భాయ్, ఎవ్వలికి తెల్వకుంట గల్లీని జరంత బుక్కినవట!"

"ఇంకో అడుగు జరిగితె మా చాయ్ నీ ఇంట్లనే కాగుతుండె!"

తమ్ముడు గల్లీ దాటాడు. నా దగ్గరికి వచ్చి, చేతిలో సూది అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, నువ్వే చెప్పు. మా అమ్మ కూసున్న గద్దె గది. నేనొక్క రాయి గూడ పెట్టలే. దొంగ లెక్క గీత గీసిపోయిన్రు."

మర్నాడు గల్లీ పనులు చూసే ఇంజనీరమ్మాయి వచ్చినప్పుడు పాత పటం చూపించమని అడిగాను. మర్యాదగల పిల్ల, ఆంటీ, కూర్చోండి అని తన ఫోన్లో పెద్దది చేసి చూపించింది. గల్లీ నడిమధ్యన గీత, అటు ఇటు ఇళ్లు, ప్రతి ఇంటికీ నడిమధ్య నుంచి ఎంత దూరమో అంకె. మా ఇంటి ముందు ఎనిమిది. ఎదురింటి ముందు తొమ్మిది. ఆ తొమ్మిది తోక కొంచెం ఎడమకు వంగి ఉంది. నేను అంకెలు నేర్చుకున్నప్పటినుంచీ నా తొమ్మిది తోక ఎడమకే వంగుతుంది. పటం కింది మూలన పొడి అక్షరాల సంతకం కూడా నాదే.

నలభై ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికి రెండేళ్లుగా నేను ట్రేసర్‌ని, అంటే బల్ల ముందు కూర్చుని, పెద్దవాళ్లు పెన్సిలుతో గీసిన పటాల మీద పల్చటి మైనపు గుడ్డ పరిచి సిరాతో తిరిగి గీసే పని నాది. గీత తప్పితే సగం బ్లేడుతో గీకాలి. రెండోసారి గీకితే గుడ్డ పల్చబడుతుంది, మూడోసారి గీకితే చిల్లు పడుతుంది. నా చేతికింద ఎప్పుడూ రెండోసారి రాలేదు. పాతబస్తీ గల్లీలు కొలవడానికి వెళ్లిన మగవాళ్లను ఇళ్లలో ఆడవాళ్లు లోపలికి రానివ్వడం లేదని, మా ఆఫీసు పెద్దాయన మొదటిసారి నన్ను బయటికి పంపారు. అందరూ వద్దంటున్నా పంపుతున్నాననీ, ఒక్క అంకె తప్పితే మళ్లీ బల్ల దగ్గరికేననీ, నా తరువాత ఇంకే ఆడపిల్లా బయటికి రాదనీ ముందే చెప్పారు. నాకు ఇరవై మూడేళ్లు. వద్దన్నవాళ్ల ముఖాలన్నీ గుర్తుపెట్టుకుని బయల్దేరాను.

నాతోపాటు కొలిచే ఫీతా రెండో కొస పట్టే చాచా వచ్చేవాడు. ఆఫీసులో అందరికంటే పెద్దవాడు, చదువు లేదు గాని ఒక్క చూపులో గోడ ఎంత వంకరో చెప్పేవాడు. మా ఫీతా తోలు డబ్బాలో చుట్టుకునే గుడ్డ ఫీతా. దాని కొసన ఉండే ఇత్తడి కడియం ఎప్పుడో ఊడింది, మొదటి అడుగు పీలికలైంది. కొత్త ఫీతా కావాలని రాసిన అర్జీ మూడు బల్లలు దాటి నాలుగో బల్ల మీద నిద్రపోతుండగా, చాచా తన పద్ధతి తాను పెట్టుకున్నాడు. చిరిగిన అడుగు వదిలేసి, ఒకటో అంకె మీద వేలు పెట్టి, గల్లీ నడిమధ్య కొట్టిన మేకు దగ్గర పట్టుకునేవాడు. నేను గోడ దగ్గర చదివిన అంకెలోంచి ఒకటి తీసేసి రాయాలి. మరిచిపోతానేమోనని ప్రతిసారీ అవతలి కొస నుంచి అరిచేవాడు.

"ఏక్ నికాలో బేటీ! ఒకటి తీసెయ్!"

నాకు చిన్నతనంగా ఉండేది. రోజుకు అరవై కొలతలుంటే అరవైసార్లు అరిచేవాడు. నేను లెక్క పెట్టాను.

మార్చి మూడో గురువారం మా గల్లీ వంతు వచ్చింది. మా ఇంటి ముందు కొలిచాం. తొమ్మిది చదివి ఎనిమిది రాశాను. ఎదురింటి గద్దె దగ్గరికి వెళ్లి ఫీతా ఆనించాను. మళ్లీ తొమ్మిదే. గద్దె మీద ఎదురింటి పెద్దమ్మ, అంటే తమ్ముడి తల్లి, కూర్చుని ఉంది. నేను ఉద్యోగంలో అంకెలు రాయడం చూసి ఆమెకు ఒకటే మురిపెం.

"ఏందే పిల్లా, ఎండల గిట్ల తిరిగితె నల్లగైతవ్, పెండ్లెట్లయితది? ఇగో, నోరు తెరు," అంటూ నువ్వుల ఉండ నోట్లో పెట్టింది. సరిగ్గా అప్పుడే రిక్షా ఒకటి వచ్చి ఫీతాకు అడ్డంగా ఆగింది.

"ఏంది చాచా, తొవ్వకడ్డం తాడు గట్టి మమ్ముల ఉరి దీస్తవా?"

"తాడు గాదురా, సర్కారు ఫీతా! పీచే హటో!"

చాచా ఆ లొల్లిలో పడ్డాడు. నేను నువ్వుల ఉండ నములుతూ నవ్వుకుంటూ తొమ్మిది రాశాను. ఆ రోజు ఆ ఒక్కసారి అవతలి కొస నుంచి అరుపు రాలేదు.

తెలియక చేసింది అక్కడితో ఆగితే ఇప్పుడు ఇది రాసేదాన్ని కాను. ఆరు రోజుల తరువాత బల్ల దగ్గర ఆ గల్లీని సిరాతో గీస్తుంటే ఎదురింటి ముందు గీత ఒక అడుగు లోపలికి వంగింది. దాని పక్కింటికి ఎనిమిది, దానికి తొమ్మిది. ఆ రెండిళ్ల గద్దెల కిందా పునాదిగా ఒకటే పొడవాటి నల్లరాయి ఉందని పుట్టినప్పటినుంచీ చూస్తున్నదాన్ని నేను. ఒక రాయి మధ్యలో అడుగు వంగదు. కలం ఆగింది. సగం బ్లేడు చేతిలోకి తీసుకున్నాను కూడా. కొలతల పుస్తకంలో తొమ్మిది అని ఉంది, దాన్ని మార్చాలంటే పెద్దాయనకు చెప్పి మళ్లీ కొలవాలి. మళ్లీ కొలవాలంటే మొదటిది తప్పని ఒప్పుకోవాలి. బ్లేడు కింద పెట్టి, ఆ వంపును చక్కగా సిరాతో గీశాను.

ఆ తరువాత నేను ప్రతి అంకెనూ మూడుసార్లు చూసే మనిషినయ్యాను. నా తరువాత నలుగురు ఆడపిల్లలు బయటి పనికి వచ్చారు. నా పదవీ విరమణ సభలో, అమ్మగారి అంకెను ఇంకొకరు చూడక్కర్లేదని ఎవరో అంటే చప్పట్లు కొట్టారు. మెడలో దండతో కూర్చుని నేను ఎదురింటి గద్దె గురించే ఆలోచించాను.

మొన్న గల్లీలో, ఇంజనీరమ్మాయికి ఆమె ఫోన్ తిరిగి ఇచ్చేసి ఇంట్లోకి వెళ్లి, గీతల కాగితం తీసుకుని, ఫలానా పటంలో ఫలానా ఇంటి ముందు అంకె తొమ్మిది తప్పు, ఎనిమిది ఒప్పు, తప్పు రాసింది నేను, తెలిసీ దాచిందీ నేను అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టాను. ఏడు వరుసలు. పటం తొమ్మిది చెబుతుంటే నేల మీద ఎనిమిది ఉంది గనుకనే ఎదురింటివాళ్లు ఒక అడుగు ముందుకు జరిగారని ఆఫీసువాళ్లు గీత గీశారు. ఆ కాగితం అందరి ముందూ చదివి ఆమె చేతికిచ్చాను, చాయ్ దుకాణం వాళ్లు కూడా వినాలని గొంతు పెంచి మరీ చదివాను. నువ్వుల ఉండ సంగతి, రిక్షా సంగతి నోటితో చెప్పాను.

ఆ పిల్ల ఇబ్బందిపడింది. "ఆంటీ, నలభై ఎనిమిదేళ్ల రికార్డు. మీ మాట మీద ఎట్ల మార్చాలె?"

"నా మాట మీద మార్చకు. రాయి చూడు," అన్నాను.

గద్దె అంచున మట్టి తీయించి చూపించాను. నల్లరాయి రెండిళ్ల గద్దెల కిందా ఏకంగా సాగి ఉంది. ఆమె కొలిచే యంత్రం పెట్టింది, ఎర్ర చుక్క గద్దె అంచు మీద వెలిగింది, ఎనిమిది అని వచ్చింది. నాకు అది చాలలేదు. మేస్త్రీ దగ్గర ఇనుప ఫీతా అడిగాను. దాని కొస కొక్కెం వంగిపోయి ఉంది. తమ్ముణ్ని నడిమధ్య నిలబెట్టి, ఒకటి మీద వేలు పెట్టి పట్టుకోమన్నాను. గద్దె దగ్గర వంగి చదివాను. తొమ్మిది. అవతలి కొస నుంచి ఎవరూ ఏమీ అనలేదు. నేనే గట్టిగా అన్నాను, ఒకటి తీసెయ్ అని.

ఎనిమిది.

అయితే మా రెండిళ్ల మధ్య పదిహేడు అడుగులున్నాయని లెక్కవేసి గీసిన కొత్త పని, ఉన్నవి పదహారే అని తేలితే ఎట్లా సాగాలి? అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు తీసుకుంటామంది ఆ పిల్ల. వద్దన్నాను. నా ఇంటి గోడ బయట పద్నాలుగు అంగుళాల అరుగు ఉంది, కాలువ ఇంకా తవ్వలేదు, మొత్తం అడుగు నా వైపే తీసుకో అన్నాను.

తమ్ముడు అడ్డం వచ్చాడు. "గట్లెట్లయితది అక్కా? పొద్దుగాల కూరగాయలు తరిగేది ఆ అరుగు మీదనే గద. సగం నాదిట్ల తీస్కోనీ."

"తప్పు సగం నువ్వు రాసినవారా?"

"నువ్వుల ఉండ పెట్టింది మా అమ్మనే గదా!"

గల్లీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ ఆ మార్పు రాసి కింద సంతకం పెట్టే వరకు ఆ అమ్మాయిని కదలనివ్వలేదు. పై ఆఫీసు ఒప్పుకోవడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా నాలుగుసార్లు వెళ్లి అడిగాను. ఇరవయ్యో రోజు తమ్ముడి గద్దె మీది ఎర్ర గీతను వాళ్లే తుడిచారు.

ఇప్పుడు నా అరుగు రెండంగుళాలు. దాని మీద పిల్లి కూడా కూర్చోలేదు. కొత్త రాళ్లు పరిచిన గల్లీ శుభ్రంగా, సమంగా ఉంది, వాన నీళ్లు నిలవడం లేదు, మొన్న మంటలార్పే బండిని తెచ్చి తిప్పి చూపించారు కూడా. సాయంత్రం అయిదింటికి గల్లీ దాటి తమ్ముడి గద్దె మీద, ఒకప్పుడు వాళ్లమ్మ కూర్చున్న మూలన కూర్చుంటున్నాను. అతను కుడుతుంటే అంచుల పొడవు నేను చూసిపెడతాను, మూడుసార్లు.

ఆ యంత్రాన్ని నేను తప్పుపట్టను. రెప్పపాటులో కొలుస్తుంది, పీలికలవదు, వానకు నానదు. మా రోజుల్లో అలాంటిది ఉంటే ఈ తప్పు పుట్టేదే కాదు. కానీ దాన్ని పట్టుకోవడానికి ఒక్కరు చాలు. ఇంజనీరమ్మాయి ఒంటరిగా వస్తుంది, గోడ మీద చుక్క పెడుతుంది, అంకె రాసుకుని ఒంటరిగా వెళ్లిపోతుంది. మా కాలంలో ఒక గల్లీని కొలవాలంటే రెండో కొసన ఇంకో మనిషి నిలబడి తీరాలి. ఆ మనిషి రోజుకు అరవైసార్లు అరిస్తే విసుక్కున్నాను, ఒక్కసారి అరవకపోతే నలభై ఎనిమిదేళ్లు మోశాను. చాచా పోయి ముప్ఫై ఒక్క ఏళ్లు. ఆ పిల్ల మళ్లీ వస్తే, పని లేకపోయినా, ఆమెకు ఎదురుగా వెళ్లి, రెండో కొసన కాసేపు నిలబడాలనుకుంటున్నాను.