డాబా మీద దీవి

మబ్బు పట్టగానే నిజామాబాద్ పసుపు యార్డులో అందరూ కుప్పలు కప్పడానికి పరుగెత్తుతారు. మొన్న గాలికి ఒక టార్పాలిన్ ఫటఫటా కొట్టుకుంది. నేను చప్పున తల వంచాను.

"ఏమైంది సేటు, పిట్ట రెట్టేసిందా?" అన్నాడు హమాలీ పోశెట్టి.

కాదన్నాను. అసలు సంగతి చెప్పాలంటే సఫియా మేడంతో మొదలుపెట్టాలి. అతనికేమో మూటలెత్తే పనుంది. మీకు తీరికుందనుకుంటాను.

సఫియా మేడం బోధన్‌లో మాకు డిగ్రీ భూగోళం చెప్పారు. ఆటుపోట్లు, సముద్రపు గాలులు, తీరపు రాళ్లు, అన్నీ చెరకు తోటల మధ్య నిలబడి, సముద్రాన్ని ఒక్కసారీ చూడకుండా జీవితమంతా చెప్పారు. రిటైరయ్యాక ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేసిందట. హైదరాబాదులో కూతురింట్లో ఉండి చెరువు మీద తెరచాప పడవ నడపడం నేర్చుకున్నారు. ఇద్దరు పట్టే పాత పడవ ఒకటి కొని లారీలో ఇంటికి తెచ్చారు. వాకిట్లో బోర్లించిన దాన్ని చూసి గల్లీవాళ్లు వలీమా పెళ్లివిందుకు బిర్యానీ పాత్ర అనుకున్నారు. కొంకణ్ తీరంలో ఒక చిన్న దీవిని ఆ పడవలో చుట్టి రావాలని మేడం కోరిక. తోడుకు నన్ను పిలిచారు.

"నేనెందుకు మేడం? క్లాసుకే సక్కగ రాలే."

"గాలికి పడవ ఒరుగుతది బేటా. రెండో దిక్కు బరువు కావాలె. నిన్ను చూస్తే అల్లా పంపినట్టే ఉన్నవు."

చదువు ముగిసిన ఇన్నేళ్లకు నాలో ఒక అర్హతను కనిపెట్టిన గురువు ఆవిడే. ఆ చలికాలం ఊరి చెరువులో నాకు బరువుగా ఉండటంలో శిక్షణ ఇచ్చారు. తెరచాప కింద అడ్డంగా ఒక కర్ర ఉంటుంది. పడవ మళ్లినప్పుడల్లా తెరచాప ఫటఫటా కొట్టుకుని, ఆ కర్ర ఇటు నుంచి అటు విసురుగా వస్తుంది. నా తల ఎప్పుడూ దాని దారిలోనే ఉండేది. "తల!" అని మేడం అరిచేవారు, సాధారణంగా తగిలాక.

అసలు ప్రణాళిక డాబా మీద జరిగింది. మేడం సుద్దముక్కతో నేలంతా దీవి గీశారు. పక్కింటి లక్ష్మక్క పిట్టగోడ మీంచి తొంగి చూసింది.

"గిదేం ముగ్గు మేడం? సుక్కలెక్కువైనయి!"

"రాళ్లు లక్ష్మీ. పడమర దిక్కు మస్తున్నయి."

తరువాత పడమటి కొస దగ్గర పెద్ద అడ్డగీత గీశారు. "ముందుగాల ఇది. పన్నెండు లోపల ఈ కొస ముక్కు దాటకపోతే వాపస్. మధ్యాహ్నం గాలి సముద్రం దిక్కు నుంచి లేస్తది, మనల్ని రాళ్ల మీదికి నూకుతది. ఇగ పోయే తొవ్వ గీద్దాం."

"ఇంక బయల్దేరనే లేదు, అప్పుడే వాపసా మేడం?"

"అందుకే ఇప్పుడు. ఇప్పుడైతే మనకు అక్కల్ ఉన్నది, తెలివి పనిచేస్తది. ఆడ ఆశే ఉంటది."

కొంకణ్ చేరి పడవ దించిన మొదటి రోజు గాలి బద్ధకంగా వీచింది. పన్నెండయ్యేసరికి ముక్కు కళ్లెదుటే ఉంది, కానీ దాటలేదు. ఎన్నడూ దేనికీ తొందరపడని నేను, ఆ రోజు బతిమిలాడాను. "జరంత దూరమే మేడం! మళ్ల వస్తమో రామో!" మేడం ఆ ముక్కు వంక ఒకసారి చూశారు. ఆవిడ ఇన్నేళ్లు నల్లబల్ల మీద గీసిన సముద్రం దాని వెనకే ఉంది. "తల!" అని పడవను మళ్లించేశారు.

ఆ రోజు గాలి లేవనే లేదు. సాయంత్రం దాకా సముద్రం మా ఊరి చెరువు కన్నా మర్యాదగా ఉంది. ఇసుకలో కూర్చుని పల్లీలు తింటూ ఆ మాట అన్నాను.

"రాకపోతే మంచిదే గద," అన్నారు మేడం, పొట్టు ఊదుతూ. "పడవ ఉన్నది, మనమున్నం. రేపు గూడ ఉన్నది."

మర్నాడు వెలుతురు రాగానే బయల్దేరాం. ఎండ ముదరక ముందే ముక్కు దాటాం. పడమటి అల ఒకటి మమ్మల్ని మెల్లగా ఎత్తి దించింది. నీటి తుంపర మొహం మీద పడుతుంటే మేడం ఉన్నట్టుండి క్లాసురూము గొంతు తీశారు.

"నర్సింగ్!"

"ప్రెజెంట్ మేడం!"

నా గొంతు రాళ్లకు తగిలి తిరిగొచ్చింది. ఆవిడ క్లాసులో నేను మనస్ఫూర్తిగా పలికిన మొదటి హాజరు అదే. మేడం పడీపడీ నవ్వారు. పడవ ఒరిగింది. నేను నా అర్హతను రెండో దిక్కుకు జరిపాను.

మేడం ఇప్పుడు లేరు. పడవ నా గోదాం ముందు బోర్లా ఉంది. అద్దెకిస్తారా, ఎంతమందికి వండొచ్చని జనం అడుగుతూనే ఉంటారు. ఏ పని తలపెట్టినా ముందు ఎక్కడ ఆగాలో గీత గీసుకుంటాను. యార్డులో నన్ను పిరికివాడంటారు, నాకు అభ్యంతరం లేదు. గుడ్డ కొట్టుకున్న చప్పుడైతే మాత్రం ఇప్పటికీ తల వంగుతుంది. అది దండమేమోనని పోశెట్టి అనుమానం. నేను కాదనలేదు.