ఉప్పు మజ్జిగ

నేనిచ్చిన ఉప్పు మజ్జిగను ఆవిడ తోసేసింది.

మే నెల ఎండ, సాలూరు వెళ్ళే బస్సు. ముందు సీట్లో ఆవిడ పెదవులు ఎండిపోయి, పిక్కలు పట్టేసి మూలుగుతోంది. చెమటతో నీళ్ళే కాదు, ఉప్పూ పోతుందనీ, రెండూ తగ్గితే గుండె కూడా గాడి తప్పుతుందనీ, నేను చదివి తెలుసుకున్నది చెప్పి, సీసా మళ్ళీ చాపాను. తల అడ్డంగా ఊపింది.

చెంబు తగలకుండా మా అమ్మ దోసిట్లోకి ఎత్తునుంచి నీళ్ళు పోసినవాళ్ళు నాకింకా గుర్తే. బస్సంతా వినేలా అడిగాను.

"నా కులం తెలిస్తేగానీ తాగవేటమ్మా?"

ఆవిడ కళ్ళు తెరిచి, గొంతు తగ్గించి అంది.

"కులం ఎవులిక్కావాల మావా! దారి పొడుగునా ఆడోళ్ళకి మరుగుదొడ్డి నేదు. నీకైతే ఏ గోడైనా సాలు. తాగితే నానెక్కడికెల్లాల, సెప్పు?"