నేను పెట్టని సాక్షి సంతకం

2021 వేసవి. అప్పటికి తొమ్మిదేళ్లుగా నేను దుబాయ్‌లో ఒక డాక్యుమెంట్ ఆఫీసులో టైపిస్టుని. వీసా దరఖాస్తులు, అద్దె ఒప్పందాలు, వీలునామాలు, ఏ కాగితమైనా మా దగ్గర తయారయ్యేది. సత్వా అనే పేటలో ఆరుగురం ఉండే గదిలో నన్ను అందరూ వకీల్ సాబ్ అని పిలిచేవారు. చదివింది డిగ్రీ రెండో సంవత్సరం దాకానే. అయినా ఆ పిలుపు నాకు బాగానే తలకెక్కింది.

ఆ రోజుల్లో మా దగ్గరికి హెన్రీ గారి పని వచ్చింది. ఆయన పెద్ద వయసు ఆంగ్లేయుడు. ఇంగ్లండులో ఒక చిన్న పట్టణంలో తాళాలు, గొళ్ళేలు అమ్మే కొట్టు వాళ్ళది. ముత్తాత కమ్మరి కొలిమిగా మొదలుపెట్టిందట. హెన్రీ గారు దుబాయ్ వచ్చి హోటళ్ళకు తలుపుల సామాను సరఫరా చేసి బాగా సంపాదించారు. ఇంగ్లండులోని కొట్టును పన్నెండేళ్లుగా కూతురు రూత్ నడుపుతోంది, కొట్టు పై అంతస్తులోనే కాపురం. తండ్రికి జబ్బు ముదిరిందని దాన్ని పనివాళ్ళకు అప్పజెప్పి వచ్చింది.

వాళ్ళ ఊరి లాయరు వీలునామా రాసి మెయిల్ చేశాడు. దాన్ని ప్రింటు తీసి, ఇంటికి వెళ్ళి సంతకాలు పెట్టించి, కొరియర్ చేయడం నా పని. కొట్టు, పైనున్న ఇల్లు రూత్‌కి. మిగతాదంతా లండన్‌లో ఉండే కొడుకు పీటర్‌కి. ఇలా విడిగా పేరు పెట్టి ఇవ్వగా మిగిలిన దాన్ని రెసిడ్యూ అంటారు.

"కొడుక్కి కాకుండా కూతురికా సార్?" అని అడిగాను, నోరు ఊరుకోక.

ఆయన మంచంలోంచే నవ్వారు. "మా ఇంట్లో కొడుకా కూతురా అని చూడరు. పొద్దున్నే కొట్టు తలుపు ఎవరు తీస్తున్నారో కొట్టు వాళ్ళది. నాన్న నాకు అలాగే ఇచ్చాడు."

వీలునామాకు ఇద్దరు విట్‌నెస్‌లు, అంటే సాక్షులు, కావాలి. ఆయన్ని చూసుకునే నర్సు సునీత ఒకరు. భీమవరం వైపు అమ్మాయి. రెండో సాక్షి పక్క ఫ్లాటాయన. తీరా ఆ రోజే ఆయనకు కరోనా అని తేలి తలుపు వేసుకున్నాడు.

"మీరు పెడతారా?" అని రూత్ నన్ను అడిగింది.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. సునీత తెలుగులో అంది: "పెట్టేయండన్నయ్యా, దాంట్లో ఏముంది? నేనూ పెడుతున్నాను కదా."

"నీకేం తెలుసు చెల్లె. రేపు అన్నాచెల్లెండ్లు కోర్టుకెక్కితే నన్ను గుంజుతరు. వీసా ఖలాస్. నాకెందుకీ లొల్లి."

తర్వాత రూత్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాను. "మీరే పెట్టండి మేడమ్. మా దగ్గర ఆస్తి రాస్తే ఇంట్లోవాళ్ళే సాక్షులు. రేపు ఎవరూ కాదనడానికి ఉండదు."

అబద్ధం కాదు. జగిత్యాల పక్కన మా ఊళ్ళో మా నాయన భూమి పంచినప్పుడు అన్నదమ్ములం అందరం కాగితం కింద సంతకాలు పెట్టాం.

"ఏ ఇబ్బందీ ఉండదా?"

"ఏమీ ఉండదు," అన్నాను, అచ్చం వకీల్ సాబ్‌లాగా. ఆమె సంతకం పెట్టింది.

నాలుగో రోజు హెన్రీ గారు పోయారు. కాగితం అప్పటికింకా ఇంగ్లండు చేరలేదు. చేరాక లాయరు నుంచి మా ఆఫీసుకు మెయిల్ వచ్చింది. వీలునామా చెల్లుతుంది కానీ, అక్కడి చట్టం ప్రకారం సాక్షి సంతకం పెట్టిన మనిషికి అందులో రాసిన ఆస్తి దక్కదు. కొట్టు, ఇల్లు రెసిడ్యూలో కలిసి పీటర్‌కి వెళ్ళిపోయాయి. అతను అమ్మకానికి పెట్టేశాడు.

మొదట వచ్చిన మెయిల్ మళ్ళీ తెరిచాను. కవరింగ్ లెటర్‌లో, అంటే వీలునామాతో పాటు పంపిన సూచనల ఉత్తరంలో, ఆ మాట లావు అక్షరాల్లో ఉంది. నేను వీలునామా పేజీలే ప్రింటు తీశాను. ఉత్తరం చదవనే లేదు.

రెండు రోజులకు రూత్ ఆఫీసుకు వచ్చింది. మా ఆఫీసు నడిపే ముదీర్ అడిగాడు: "మిమ్మల్ని సాక్షిగా పెట్టమని ఎవరు చెప్పారు?"

నేను ఫైలు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె ఒకసారి నా వైపు చూసింది.

"ఎవరూ చెప్పలేదు. పక్కింటాయన రాలేదు, నేనే పెట్టేశాను."

నేను ఫైలు మూసి బల్ల మీద పెట్టాను. ఆమె వెళ్తుంటే లిఫ్టు తలుపు పట్టుకున్నాను. అప్పుడైనా ఒక మాట అనాల్సింది. నేల చూస్తూ నిలబడ్డాను.

రూత్ చెప్పిందేమో, సాయంత్రం సునీత ఫోన్ చేసింది. "మీరే చెప్పారని మీ ఆఫీసు సార్‌తో అనలేదా అన్నయ్యా?"

"అంటే ఉద్యోగం పోతది చెల్లె."

"ఆవిడకి కొట్టూ ఇల్లూ రెండూ పోయాయండీ," అని పెట్టేసింది.

ఇప్పుడు నేను ఏ పనిలోనైనా మొదట కవరింగ్ లెటర్ చదువుతాను. తెలియని సంగతి తెలియదని చెప్తాను. గదిలో ఎవరైనా వకీల్ సాబ్ అంటే వద్దంటాను. రూత్‌కి ఉత్తరం రాయాలని మూడుసార్లు కూర్చున్నాను, పంపలేదు. ఈ పనిలో నేను నేర్చుకున్నది చట్టం కాదు, నా పిరికితనం.

సాక్షి తక్కువైతే ఇప్పుడు నేనే సంతకం పెడతాను. ఈ కొన్నేళ్లలో చాలా వీలునామాల మీద పెట్టాను. నా వీసాకు ఏమీ కాలేదు.