తీసేసిన రెండు వాక్యాలు

అమెరికా తొలి నాయకుల గురించి మాట్లాడమంటే పిల్లలంతా ఒకటే పాట అందుకుంటారు: మహనీయుడు, త్యాగధనుడు, స్వేచ్ఛాప్రదాత. పేరు మారిస్తే ఆ ప్రసంగం ఎవరికైనా సరిపోతుంది. జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెబుతూ, ఈ పొగడ్తలు వినీ వినీ నాకు విసుగెత్తిపోయింది.

అందుకే పోయినేడు జిల్లా వక్తృత్వ పోటీకి మా తొమ్మిదో తరగతి అమ్మాయి రాసుకొచ్చిన ప్రసంగం చదివి సంబరపడ్డాను. ఆమె న్యాల్‌కల్ దగ్గరి పల్లె నుంచి బస్సులో వస్తుంది. మనుషులంతా సమానమని అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన నాయకుణ్ని మనసారా పొగిడింది. చివర్లో మాత్రం రెండు వాక్యాలు: "ఆయన ఆ మాట రాసేనాటికే ఆయన పొలాల్లో బానిసలు పనిచేస్తున్నారు. బానిసత్వం తప్పని తానే చెప్పి కూడా, బతికున్నంతకాలం వాళ్లలో దాదాపు ఎవరినీ విడిచిపెట్టలేదు."

ఇవి ఎందుకు రాశావని అడిగాను.

"మా తాత జీతమున్నడు టీచర్," అంది. పటేలు ఇంట్లో ఏళ్ల తరబడి కట్టుబడి చాకిరీ చేశాడన్నమాట. "పటేలు మంచోడే అంటరు ఊర్ల. మంచోడైతే ఇడిసిపెట్టాలె గద."

రిహార్సల్ చూడ్డానికి బడి యజమాని వచ్చాడు. అంత ప్రసంగంలో ఆయనకు ఆ రెండు వాక్యాలే అడ్డొచ్చాయి.

"గివి తీసెయ్ బిడ్డ. పెద్దోళ్ల తప్పులు స్టేజీ మీద ఎందుకు? ఆ కాలం అట్లుండె."

"ఆ కాలంల బానిసలు గూడ ఉండిన్రు గద సార్. వాళ్లనెవరన్న అడిగిన్రా?" అందామె.

నేనూ ఊరుకోలేదు. "ఆ కాలంలనే బానిసల్ని ఇడిసిపెట్టినోళ్లు గూడ ఉన్నరు సార్," అన్నాను. గోడకు చెప్పినట్టే అయింది. "ఈ పిల్ల జర ఎక్కువ మాట్లాడ్తది," అని నవ్వేసి, ఆ రెండు వాక్యాలు కొట్టేయించి, ప్రసంగాన్ని పదో తరగతి అబ్బాయికి ఇప్పించాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ అబ్బాయికి నేర్పించే పని కూడా ఆమెకే అంటగట్టాడు.

"నీకు నోటికొచ్చు గద బిడ్డ. మంచిగ నేర్పియ్."

ఆమె నేర్పింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో కూడా చూపించింది. చూస్తున్న నాకు ఒళ్లు మండిపోయేది. స్వేచ్ఛ మీద ప్రసంగం రాసిన పిల్లకు నోరు మూయించి, ఆ పిల్ల కష్టాన్ని ఇంకొకరి నోట్లో పెట్టడానికి మా బడిలో ఎవరికీ ఏ ఇబ్బందీ అనిపించలేదు.

పోటీ రోజు ఆమె హాల్లో నా పక్కన కూర్చుంది. అబ్బాయి బాగా మాట్లాడాడు, అబద్ధమెందుకు. అతను ఒక్కో మాటా అంటుంటే ఆమె పెదవులు కూడా చప్పుడు లేకుండా కదిలాయి. అతను ముగించి దండం పెట్టాడు. హాలంతా చప్పట్లు. మా యజమాని అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు.

ఆమె పెదవులు మాత్రం ఆగలేదు. ఆ చప్పట్లలోనే మిగిలిన రెండు వాక్యాలూ చెప్పుకుంది. పక్కనే ఉన్న నాకు కూడా వినిపించలేదు.