తువ్వాలు చుట్టిన నారింజ బ్యాగు

మా అత్త రత్నమ్మకు యాభై ఎనిమిదేళ్ళు. చౌడేపల్లె దగ్గరి పల్లెలో పాడి ఆవులు చూసుకుంటుంది. షుగరు వచ్చింది, నడవమని డాక్టరు చెబితే, నడక విసుగనిపించి ఏకంగా పరుగే మొదలుపెట్టింది. అదీ ఊరు లేవకముందు, దొంగచాటుగా! 'ముసిల్దానికి పరుగులా' అని ఊళ్ళోవాళ్ళు నవ్వుతారని ఆమె భయం. వీలు దొరికితే పుంగనూరు గ్రౌండుకు పోయి పరిగెత్తేది. బూట్లు మాత్రం దాణా సంచిలోనే. పోయిన నెల చౌడేపల్లె బస్టాండులో ఆ సంచి అడుగు ఊడి ఒక బూటు కింద పడింది. అత్త దానిమీద కొంగు కప్పి కూర్చుంది, బస్సు వెళ్ళిపోయినా లేవలేదు. కుప్పంలో నలభై దాటిన ఆడవాళ్ళకు ఐదు కిలోమీటర్ల పరుగు ఉందని తెలియగానే ఆమె పేరు ఇచ్చేశాను. ముందు గట్టి బ్యాగు కొందాం పద అన్నాను.

శనివారం పొద్దున చౌడేపల్లెలో బస్సెక్కి, పుంగనూరులో మారి, పదింటికల్లా మదనపల్లెలో దిగాం. కుప్పానికిది ఎదురు దారే, కానీ నాలుగు రకాలు చూసి కొనాలంటే మాకు మదనపల్లే గతి. బస్టాండుకు దగ్గర్లోనే ఒక బ్యాగుల కొట్టుంది. అత్త కన్ను ఒక మట్టిరంగు బ్యాగు మీద పడింది, దాన్ని తీసుకుపోతే కూరగాయలకు పోతున్నట్టే ఉంటుందట. నాకేమో నారింజ రంగుది నచ్చింది. మందమైన గుడ్డ, పెద్ద జిప్పు, బూట్లకు విడిగా ఒక అర, ఆ అరకు గాలాడే చిన్న కన్నాలు. పైన పరిగెత్తే ఆడమనిషి బొమ్మ, ఇంత పెద్దది.

"అది వొద్దమ్మా. ఊర్లో దండోరా ఏసినట్టుంటాది" అంది అత్త.

సరే, పరీక్ష మొదలైంది. అత్త ఒక్కో బ్యాగును కాలితో తొక్కిపెట్టి, పట్టీని రెండు చేతులతో పట్టుకుని, ఆవును కట్టే పలుపును లాగి చూసినట్టు లాగింది. కొట్టాయన గాబరాగా లేచి వచ్చాడు.

"నిదానమమ్మా! అది బ్యాగు, ఎనుము కాదు."

"తెగేదైతే ఈడే తెగనీప్పా. బస్సులో తెగితే నువ్వొచ్చి మోస్తావా?"

మట్టిరంగుది పటుక్కున కుట్టు విడిచింది. నారింజది ఉలకలేదు, పలకలేదు. చూస్తే దాని పట్టీ అతికిన చోట చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ మార్కు వేసినట్టు మళ్ళీ కుట్టారు. గట్టి వస్తువును వదిలిపెట్టి వచ్చే మనిషి కాదు మా అత్త. తొమ్మిది వందల యాభై చెబితే ఎనిమిది వందల యాభైకి బేరం తెగ్గొట్టింది. కొట్టు మెట్లు దిగకముందే తువ్వాలు తీసి, పసిబిడ్డకు చుట్టినట్టు బ్యాగుకు చుట్టేసింది. నాకు ఒళ్ళు మండింది.

అక్కడి నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పానికి, బస్సులు మారడంతో కలిపి నాలుగైదు గంటలు వేసుకోండి. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు మరిచిపోకండి. రద్దీ బాగా ఉంటుంది. పలమనేరు దాకా ఒకామె మా బ్యాగు మీదే కూర్చుని వచ్చింది, దానికేమీ కాలేదు. కుప్పంలో లాడ్జి గది ఏడు వందలు.

ఆదివారం తెల్లారగానే టిఫిను బండి దగ్గర ఆగాం. పరుగుకు ముందు రెండు ఇడ్లీలు చాలు. బండాయన ఇడ్లీ వేస్తూ అడిగాడు.

"ఇంత పొద్దున్నే యాడికమ్మా?"

"సుట్టాలింటికప్పా."

ఆయన అత్త కాళ్ళకేసి చూశాడు. "సుట్టాలు శానా దూరంలో ఉండారేమో, బూట్లేసుకోని పోతాండావు!"

అత్త మూతి ముడుచుకుంది. నేను నవ్వు ఆపుకోలేక పొలమారి చచ్చాను.

పరుగు మొదలయ్యాక మాత్రం ఆ మనిషి వేరు. మొదట్లో వెనకబడింది. చివరి మలుపులో ఆమెకంటే చిన్నవాళ్ళు ఇద్దరు ఆయాసంతో నడక పట్టారు, మా అత్త వాళ్ళను దాటుకుని వచ్చింది! నేను గొంతు చించుకుని అరిచాను. గీత దాటాక, పరుగు పూర్తిచేసిన అందరికీ ఇచ్చే పతకం ఆమె మెడలో వేస్తుంటే ఏడ్చేశాను, సిగ్గేముంది? గెలిచినవాళ్ళ మీద నా చూపే పోలేదు.

తిరుగు ప్రయాణంలో పుంగనూరులో చౌడేపల్లె బస్సెక్కితే, మా వీధి ఆడవాళ్ళు ముగ్గురు ముందే కూర్చుని ఉన్నారు. తువ్వాలు చెమటకు తడిసిపోయింది కాబట్టి బ్యాగుకు చుట్టే వీలు లేదు. పాపం అనిపించి నా చున్నీ ఇవ్వబోయాను. అత్త నా చేయి తోసేసింది.

"యాడికి పొయ్యొస్తాండావు రత్నక్కా? ఈ బ్యాగేంది?" అని వాళ్ళలో ఒకామె అడిగింది.

అత్త బ్యాగును ఒళ్ళో నిలబెట్టి, బొమ్మను వాళ్ళకేసి తిప్పింది. "కుప్పంలో పరుగు పందెం. నేనే పరిగెత్తినా. నా యెనకాల ఇంకా పదిమంది ఉండారు."

ఎవరూ నవ్వలేదు. అడిగినామె జిప్పు తీయించి, ఒక బూటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అక్కా, ఒకసారి ఏసుకోని సూడనా?"

నవ్వుతారని మనం భయపడేవాళ్ళలో సగంమంది, ముందు ఎవరు పరిగెత్తుతారా అని కాచుకుని ఉంటారని నాకు ఆ బస్సులో తెలిసింది. మా అత్తను చూసి గర్వపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క మాట: పట్టీ లాగి చూడండి, కుట్టు చూడండి, ముఖ్యంగా బూట్ల అర రెండు జతలు పట్టేంతది తీసుకోండి. మాదిప్పుడు చాలడం లేదు.