నారింజ చెట్టుకు ఎవరూ నీళ్లు పోయలేదు

ఆకుల డాక్టరమ్మ నోరు తెరిచి ఒక్క తిట్టు తిట్టిందంటే, గులాబీ మొగ్గలకు పట్టిన పేనుబంక సిగ్గుతో రాలి కింద పడేది. ఆ వీధిలో పురుగుమందుల కొట్టు మూతపడింది ఆవిడ నోటి దెబ్బకే. కొంచెం తగ్గించి చెప్పుకోవాలంటే, కొట్టు మూతపడలేదు, పక్క వీధికి మారింది. పేనుబంక కూడా తిట్లకు సగమే రాలేది. మిగతా సగం ఆవిడ గొట్టంతో ఆకుల అడుగున కొట్టే నీటి ధారకు రాలేది. తిట్టకుండా నీళ్లు కొట్టడం ఆవిడకు చేతకాదు కాబట్టి, ఏది దేనికి రాలిందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో కట్లు కట్టి, మనుషుల మీద విసుగు పుట్టి, రిటైరయ్యాక చెట్ల వైపు తిరిగిన మనిషి. "మనిషికి మాత్ర ఇస్తే కిటికీలోంచి పారేస్తాడు. చెట్టుకు ఆ తెలివి లేదు" అనేది. చేతిసంచిలో భూతద్దం, పాత టూత్‌బ్రష్షు, సబ్బునీళ్ల సీసా, కొమ్మలు కత్తిరించే కత్తెర, స్పిరిట్, దూది. కత్తెరను స్పిరిట్‌తో తుడవందే రెండో చెట్టును ముట్టేది కాదు. కానీ చెట్టును చూడాలంటే ముందు ఆ చెట్టున్న ఇంటివాళ్లను దాటుకుని వెళ్లాలి. ఆవిడ పాత విసుగంతా మళ్లీ అక్కడే మొదలయ్యేది.

వీధి మలుపులో ఒక ఇల్లు. ముంగిట్లో పాత నారింజ చెట్టు, దాని నీడలో కుట్టుమిషను. ఇల్లాలు పదేళ్లుగా ఆ నీడలోనే బట్టలు కుడుతోంది. అంతకుముందు ఆ మిషను ఉన్నది కొట్టుగదిలో. కిటికీ లేదు, బియ్యం డబ్బాల మధ్య మోకాళ్లు మడుచుకుని కుట్టేది. ఇప్పుడు చెట్టు ఆకులు పసుపుపచ్చగా మారి, కుడుతున్న బట్టల మీదే రాలుతున్నాయి.

"నెలాఖరుకు చిగురు కనబడకపోతే కొట్టించేస్తా" అన్నాడు ఇంటాయన. "కారు పెట్టుకోవడానికి చోటన్నా మిగుల్తుంది."

"నా మిషనో?"

"కొట్టుగది ఎక్కడికి పోయింది?"

ఇల్లాలు మర్నాడే డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ కొమ్మ వంచి చూసింది. ఆకుల కింద తెల్లగా పిండినల్లి, వాటికి కాపలాగా చీమల బారు. బ్రష్షుతో గీకింది, సబ్బునీళ్లతో కడిగింది, చీమలు పైకెక్కకుండా కాండం చుట్టూ గుడ్డ చుట్టి గ్రీజు పూసింది. తర్వాత చెట్టు మొదట్లో మట్టిలో వేలు గుచ్చింది. వేలు బురదలో దిగబడింది.

"పురుగు సంగతి సరే, వేళ్లు కుళ్లుతున్నాయి. ఎవరమ్మా ఇన్ని నీళ్లు పోస్తున్నది?"

"ఎవరూ పొయ్యట్లేదక్కా."

"సరే, పది రోజులు చుక్క నీరు పడకూడదు."

వారం పోయాక వస్తే మళ్లీ బురదే. ఇల్లాలు, ఆవిడ అత్తగారు, మరిది, ఇంటాయన వరసగా నిలబడి, ఒట్టు, పొయ్యలేదన్నారు. గొట్టం ఏమైనా కారుతోందేమోనని ప్లంబర్ను పిలిపించారు. అతను ముంగిలంతా తవ్వి, గొట్టం బంగారంలా ఉందని చెప్పి, గుంటలు పూడ్చకుండానే వెళ్లిపోయాడు. ఆ గుంటలో మొదట పడింది డాక్టరమ్మే.

"ఆస్పత్రిలో పిచ్చివాళ్లను కూడా చూశాను" అంది మడమ రుద్దుకుంటూ. "వాళ్లు చేసింది చేశామని ఒప్పుకునేవాళ్లు."

మర్నాడు పొద్దున్నే వచ్చి, తీగ మీద ఆరేసిన దుప్పటి వెనక స్టూలు వేసుకుని కూర్చుంది.

ముందుగా అత్తగారు వచ్చింది. పుక్కిలించి, చెంబులో మిగిలినవి చెట్టు మొదట్లో కుమ్మరించింది. మరిది టీ కప్పు అడుగు ఒంపాడు, అది చాలనట్టు గడ్డం గీసుకున్న మగ్గు కూడా. ఇల్లాలు గిన్నెలు కడిగిన నీళ్లు తెచ్చింది. డాక్టరమ్మ దుప్పటి తీసి పారేసింది.

"పట్టుకున్నా!"

"ఇవి నీళ్లు కావు కదక్కా" అంది ఇల్లాలు తెల్లబోయి. "గిన్నెలవి."

"నాది టీ" అన్నాడు మరిది.

"నేను పోసింది గుక్కెడు" అంది అత్తగారు. "గుక్కెడుకే చస్తుందా మహా వృక్షం!"

"నలుగురి గుక్కెళ్లూ కలిస్తే చెరువు, పిన్నిగారూ!"

"నలుగురెక్కడ? ముగ్గురమే."

అప్పుడే పెరటి తలుపు చప్పుడు చేయకుండా తీసి, నిండు బకెట్టు మోసుకుంటూ ఇంటాయన వచ్చాడు. అందర్నీ చూసి బకెట్టు వీపు వెనక దాచబోయాడు. నీళ్లు మొత్తం చెప్పుల మీద ఒలికాయి.

"మీరా అన్నయ్యగారూ! కొట్టించేస్తానన్నది మీరే కదా?" అంది డాక్టరమ్మ.

"కొట్టేసేదే అనుకోండి. పోయేముందు దాహంతో ఎందుకు ఉంచడం అని..." ఆయన నేలచూపులు చూశాడు. "రోజూ ఒక్క బకెట్టే."

ఆ "ఒక్క బకెట్టే"తో డాక్టరమ్మకు తల దిమ్మెక్కింది. ఇంట్లోకి దూసుకెళ్లి చెంబులు, మగ్గులు, బకెట్లు, గిన్నెలు, అత్తగారి మందుల గ్లాసుతో సహా రెండు దుప్పట్లలో మూటకట్టి, తోపుడుబండి మీద తన ఇంటికి తోలుకుపోయింది. మిగిల్చింది వంటకు నాలుగు గిన్నెలు. నెలలో మిగిలిన రోజులన్నీ ఆ ఇంట్లో నలుగురూ కుళాయి కింద తలపెట్టి స్నానం చేశారు, దోసిలి పట్టి నీళ్లు తాగారు. డాక్టరమ్మ రోజూ వచ్చి, చెట్టు మొదట్లోంచి మట్టి తోడి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, నేలను ఎండబెట్టింది. చెట్టుతో తిట్టకుండా మాట్లాడింది, మనుషులతో తిట్టి మాట్లాడింది.

నెలాఖరు వచ్చింది. రంపం భుజాన వేసుకుని చెట్లు కొట్టేవాడు గేటు దగ్గర నిలబడ్డాడు. ఇల్లాలు మిషను మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. లేవలేదు. డాక్టరమ్మ భూతద్దంతో కొమ్మ కొమ్మా చూసింది. ఏమీ దొరకలేదు. ఆవిడ కళ్లు చెమర్చాయి, దాంతో అద్దం ఇంకా మసకబారింది.

ఇంటాయన విసుక్కుంటూ ఆ అద్దం లాక్కున్నాడు. "అసలు చూడ్డం వచ్చా మీకు!" కాసేపు వెతికాడు. ఉన్నట్టుండి గొంతు మారిపోయింది. "ఇదిగో! ఇక్కడ! ఆవగింజంత, ఊదారంగులో... చిగురే! మీకు కనబడదూ?" కొట్టేవాడి వైపు తిరిగి, "నువ్వెందుకయ్యా పొద్దున్నే మా గేటు దగ్గర? పో!" అని గదిమాడు. మిషను మళ్లీ టకటకమంది.

ఈ కథ గురించి అడిగితే డాక్టరమ్మ కత్తెర తుడవడం ఆపి, ఎగాదిగా చూసింది.

"ఎవడు చెప్పాడిదంతా? నేను ఎవరింటి చెంబూ ఎత్తుకెళ్లలేదు. దుప్పటి వెనక నక్కడానికి నా మోకాళ్లు ఒప్పుకుంటాయా? ఆ ఇంట్లో నారింజ చెట్టే లేదు. నేను ఆ గుమ్మం తొక్కనే లేదు. అన్నీ అబద్ధాలు."