ముప్పై ఒకటో నెంబరు హాజరు

ఉదయగిరి ఎక్స్‌ప్రెస్ నెల్లూరు బస్టాండులో ఆరుంపావుకు బయలుదేరాలి. ఆరూ ఇరవై రెండుకు కదిలింది. నవంబరు పదహారు, ఆదివారం. కండక్టరు నా ఆధార్ చూసి సున్నా టికెట్ ఇచ్చాడు.

"ఒంటిగా అంత దూరం ఏంది అవ్వా?"

"క్లాస్‌మేట్‌ను తీసుకురావడానికి" అన్నాను.

ముందు సీటులో ఆమె వెనక్కి తిరిగింది. "ఈ వయసులో ఏం క్లాసు పెద్దమ్మా?"

నిజమే, నాకు డెబ్బై నాలుగేళ్ళు. నెల్లూరులో డిగ్రీ చదివినప్పుడు మా సెక్షనులో నలభై ఆరు మందిమి. ఇప్పుడు పద్నాలుగు మందిమి. ఏటా ఒకసారి కలుస్తాం. మిగతా రోజుల్లో పొద్దున ఏడింటికి వాట్సాప్ గ్రూపులో హాజరు ఉంటుంది. ఎవరి పాత రోల్ నెంబరు వాళ్ళు వేయాలి. మాలో చాలామంది ఒంటరిగా ఉంటారు కాబట్టి ఈ ఏర్పాటు. నెంబరు పడితే మనిషి ఉన్నట్టు. ఏడున్నరకు పడకపోతే నేను అడుగుతాను, పుస్తకంలో టిక్కు పెట్టుకుంటాను.

ఈసారి ఆత్మకూరులో ఒంటిగంటకు కలుస్తున్నాం. ఉదయగిరిలో ఉండే ముప్పై ఒకటో నెంబరు రాజేశ్వరి పోయిన ఏడాది రాలేదు. ఫోను చేస్తే ఎత్తదు. "చెవులు వినపడవు, రాయి" అని మెసేజి పెడుతుంది. కబుర్లు మాత్రం అందరికంటే ఎక్కువ రాస్తుంది. కంటి ఆపరేషన్ అయిందని రాస్తే అందరం సంతోషించాం. ఈసారి చెయ్యి పట్టుకుని తీసుకురావాలని, ముందుగా చెప్పకుండా బయలుదేరాను.

సంగం దాటుతుండగా, కాలువ కింద పొలాల్లో నాట్లు చూస్తున్నప్పుడు, ఏడూ నాలుగుకు "31 ప్రెజెంట్" అని పడింది. టిక్కు పెట్టాను. ఆత్మకూరులో పది నిమిషాలు ఆపారు. నాలుగిడ్లీలు ముప్పై రూపాయలు, చట్నీ పలచన. అక్కడి నుంచి పచ్చదనం తగ్గి మెట్ట నేలలు మొదలవుతాయి. ఉదయగిరి కొండ కనిపించాక ఇంకా అరగంట పట్టింది. దిగేసరికి తొమ్మిదీ నలభై.

బజారు వీధిలో మూసేసిన కిరాణా అంగడి వెనక రాజేశ్వరి ఇల్లు. తలుపు తీసింది ఆమె చెల్లెలు కామాక్షి. నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె భుజం మీదుగా గోడ కనిపించింది. రాజేశ్వరి ఫోటో, దానికి దండ.

"ఎప్పుడు?" అన్నాను.

"పోయిన ఏడాది ఆగస్టు తొమ్మిది అక్కా. తెల్లారుజామున. గుండె."

"మరి ఈ పొద్దున ఏడూ నాలుగుకు?"

"నేనే పెట్టినా."

బల్ల మీద కూర్చున్నాను. సంచిలోంచి హాజరు పుస్తకం తీసి ఆగస్టు తొమ్మిది చూశాను. ముప్పై ఒకటి ఎదురుగా టిక్కు ఉంది. పక్కన నా చేతిరాతే, ఎర్ర సిరాతో: "7.50. ఆలస్యం."

"ఆ పొద్దు అక్కను చాప మీద పండబెట్టి ఉండాము" అంది కామాక్షి. "ఫోను మోగతానే ఉండాది. ముప్పై ఒకటి ఎక్కడ, బాగానే ఉన్నావా అని మీరే అడిగినారు. లేదని రాసేదానికి వేలు ఆడలా. ప్రెజెంట్ అని పెట్టినా. ఇకనుంచి టైముకు వెయ్యి అన్నారు మీరు. మర్నాటి నుంచి టైముకే వేస్తా ఉండా."

"కంటి ఆపరేషన్?"

"నాదే. మీరందరూ జాగ్రత్త జాగ్రత్త అని రాసినారు గదా, రెండుసార్లు చదువుకున్నా." కాఫీ నా ముందు పెట్టింది. "నెంబరు తీసేయబాకండక్కా. మీరు అడిగేది అక్కనే. అయినా ఇంట్లో ఉండేది నేను గదా. బతికుండావా అని పొద్దున్నే అడిగేవాళ్ళు నాకింకెవరుండారు?"

పుస్తకం మూసి సంచిలో పెట్టుకుని లేచాను. పదీ నలభైకి ఆత్మకూరు బస్సు దొరికింది.

ఆత్మకూరులో భోజనాల హాలుకు చేరేసరికి ఒంటిగంటా అయిదు. ఎనిమిది మంది వచ్చి ఉన్నారు. ఏర్పాట్లు చూస్తున్న నరసింహులు ఎదురొచ్చాడు.

"రాజేశ్వరి ఏదమ్మే?"

చెప్పాను. నా పక్కన కూర్చున్న నిర్మల, "పోయిన నెల నాకు మోకాళ్ళ నొప్పికి తైలం చెప్పింది. రోజూ రాసుకుంటా ఉండా" అని తన మోకాళ్ళ వంకే చూసుకుంది.

నరసింహులు తన విస్తరి ముందు నుంచి లేచి నా వైపు తిరిగాడు. "సరోజా, తొమ్మిదో నెంబరు కూడా కొట్టేయ్."

తొమ్మిది శేషయ్య. హాస్టల్లో నరసింహులు గదిలోనే ఉండేవాడు.

"వాడు పోయి ఏడు నెలలైనాది. వాడి ఫోను నా దగ్గరే ఉండాది. కాలేజీలో మూడేళ్ళు వాడికి ప్రాక్సీ చెప్పినా. మానేదానికి మనసు రాలా."

"సిగ్గులేదంట్రా నీకు?" నిర్మల అరిచింది. "మొన్ననే గదరా వాడి మనవరాలి పెళ్ళని రాసినావు!"

"పెళ్ళి నిజమే. నేనే పొయ్యి అక్షింతలు వేసొచ్చినా."

రాని వాళ్ళు ఇంకా ముగ్గురు. భోజనం పక్కనపెట్టి ముగ్గురికీ ఫోను చేశాను. పలికారు. ఒకామె, "ఏంది, నేను చచ్చినానో లేదో చూస్తా ఉండావా?" అంది. అవునన్నాను.

నాలుగూ ముప్పై అయిదుకు తిరుగు బస్సు ఎక్కాను. రాజేశ్వరి టిక్కులు లెక్కపెట్టాను. పోయిన రోజు నుంచి ఈ పొద్దుటి దాకా నాలుగు వందల అరవై ఐదు. మేము మనుషులను కనిపెట్టుకుని ఉన్నామనుకున్నాను. కనిపెట్టుకున్నది నెంబర్లనే. ఉదయగిరి నెల్లూరుకు మూడుంపావు గంటల దూరం. ఆ మూడుంపావు గంటలు ఏడాదికి పైగా మాలో ఒక్కరికీ దొరకలేదు.

అయిదూ పన్నెండుకు రాజేశ్వరి ఫోను నుంచి, ఆమె ఫోటోతోనే మెసేజి వచ్చింది: "రేపు ఏడింటికి నేను ఏం చెయ్యాలక్కా?"

మా సెక్షనులో చదవని మనిషికి నెంబరు ఇవ్వడం కుదరదు. బుచ్చి ఊరు దాటే దాకా ఆలోచించి రాశాను.

"ఆ నెంబరు వెయ్యొద్దు. కామాక్షి అని నీ పేరు రాయి. ఏడున్నర దాటితే ఫోను చేస్తాను. ఎత్తి మాట్లాడాలి."